పిల్లల చేతిరాత బాగుపడాలంటే, రాసేటప్పుడు పక్కన కూర్చోండి

మావాడు యూకేజీలో ఉన్నప్పుడు ఒక రాత్రి వాడి తెలుగు నోట్‌బుక్ తిరగేస్తుంటే వేళ్లకి ఏదో గరుగ్గా తగిలింది. చూస్తే, రాసిన పేజీకి వెనకవైపు అక్షరాలన్నీ పొడుచుకొచ్చి ఉన్నాయి. దాని కింది కాగితం మీద కూడా అచ్చు పడింది, ఆ కింద దాని మీదా పడింది, అలా నాలుగో కాగితం దాకా. రెండుచోట్ల రబ్బరుతో రుద్ది రుద్ది చిల్లి పెట్టేశాడు. అప్పటిదాకా నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు కడగడం అయ్యాక నోట్‌బుక్ తెరవడం, "ఏంట్రా ఇది, కోడి గెలికినట్టు" అనడం, ఇంకో పేజీ రాయించడం. ఆ ఇంకో పేజీ ఇంకా ఘోరంగా వచ్చేది. వాడు రాసింది రోజూ చూశాను గానీ, రాస్తుంటే ఒక్కరోజు కూడా చూడలేదు.

మర్నాటి నుంచి ఏమీ అనకుండా పక్కన కూర్చున్నా. మొదటి పది నిమిషాలకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'రమ' అని పదిసార్లు రాయమంటే, వాడు పేజీ పైనుంచి కిందిదాకా పది సున్నలు చుట్టేశాడు. మళ్లీ పైకి వచ్చి పదింటికీ వరసగా తలకట్లు పెట్టుకుంటూ దిగాడు, అచ్చం టీచర్ టిక్కులు పెట్టినట్టు. ఆ తర్వాత 'మ'లు, అవీ అలాగే. అంటే 'రమ' అనే మాట వాడు ఒక్కసారి కూడా రాయలేదు, పేజీ మాత్రం నిండింది. చూచిరాతలో ఇంకో తమాషా. టీచర్ రాసిచ్చిన మొదటి వరస చూసి రెండో వరస రాస్తాడు, తన రెండో వరస చూసి మూడోది రాస్తాడు, మూడోది చూసి నాలుగోది. పైన కొంచెం వంకరగా ఉన్న అక్షరం పేజీ చివరికి వచ్చేసరికి ఏ భాషో తెలియకుండా తయారవుతుంది. పేజీ అయిపోయాక చూసేవాళ్లకి ఇవేవీ తెలియవు, రాత బాగాలేదని మాత్రమే తెలుస్తుంది.

నేను టీచర్‌ని కాదు. మల్కాజిగిరిలో ఒక మామూలు ఫ్లాట్, ఒక పిల్లాడు, ఇంట్లో అత్తమ్మ. రెండేళ్లు పక్కన కూర్చుని, అడిగి, చదివి, తప్పులు చేసి తెలుసుకున్నవి ఇవి. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలున్నవాళ్లకి ఎక్కువ పనికొస్తాయి.

ముందు చెయ్యి, తర్వాతే అక్షరం

మనం మూడో ఏట అక్షరాభ్యాసం చేయిస్తాం. కొందరు బాసర వెళ్తారు, అంత దూరం ఎందుకనుకునేవాళ్లు వర్గల్ వెళ్తారు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని 'ఓం నమః శివాయ' దిద్దిస్తారు. ఆలోచిస్తే ఆ పద్ధతి భలే తెలివైనది. పెన్సిల్ లేదు, గీతలు లేవు, తప్పు రాస్తే బియ్యం ఇలా సర్దేస్తే సరి. పైగా పెద్ద చెయ్యి చిన్న చేతిని నడిపిస్తోంది. మన పొరపాటల్లా మర్నాడు మొదలవుతుంది. ఆ పళ్లెం తీసి అటకెక్కించి, నాలుగు గీతల నోట్‌బుక్కు, సన్నగా చెక్కిన పెన్సిలు చేతిలో పెడతాం.

మూడేళ్ల చెయ్యి ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్లు గడిచే కొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడుతుంది, ఆఖరిది గట్టిపడటం మొదలయ్యేసరికి 9 నుంచి 12 ఏళ్లు వస్తాయి. గీతలు గీయడానికీ ఒక వరస ఉంది. సుమారు 2 ఏళ్లకి నిలువు గీత చూసి గీస్తారు, 3 ఏళ్లకి సున్న, 4 ఏళ్లకి కూడిక గుర్తు, 5 దగ్గర పడుతుంటే చతురస్రం, ఏటవాలు గీతలున్న త్రిభుజం ఆ తర్వాత. ఒకరు ముందు, ఒకరు వెనక, అది వేరే సంగతి. కూడిక గుర్తు కూడా ఇంకా రాని పిల్లని 'ఋ' రాయమంటే ఏం రాస్తుంది? 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలంటోంది, అంతకుముందంతా ఆటపాటల చదువే ఉండాలంటోంది. మన కాలనీల్లో మాత్రం నర్సరీలోనే పేజీలకి పేజీలు రాయించే బడే మంచి బడి. ఆ నమ్మకాన్ని మార్చడం నా వల్ల కాలేదు, మీ వల్ల అవుతుందేమో చూడండి.

మరి చేతికి బలం ఎక్కడ వస్తుంది? వంటింట్లో, వాకిట్లో. నాకు ఇది మా అత్తమ్మ వల్ల అర్థమైంది. ధనుర్మాసంలో ఆవిడ గుమ్మం ముందు ముగ్గు పెడుతుంటే మావాడు పక్కన చేరాడు. ఆవిడ చిటికెడు ముగ్గు వాడి వేళ్ల మధ్య పెట్టి, "బొటనవేలు ఇట్ల జరుపు బిడ్డా, సన్నగ వదులు" అంటోంది. చూస్తే బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు. పెన్సిల్ పట్టాల్సిందీ అవే మూడు వేళ్లు. వాడు మొదట గుప్పిటతో గుమ్మరించాడు, వారం రోజులకి దారం లాంటి గీత కాకపోయినా తాడు లాంటి గీత వచ్చింది. చుక్క చుట్టూ మెలిక తిప్పి వెనక్కి తీసుకురావడం కూడా తెలుగు అక్షరం తిప్పినట్టే ఉంటుంది. ఎదురింటావిడ "మగపిల్లాడితో ముగ్గులేంటండీ" అంటే, "వాడేమన్నా అక్షరాలు రాయడా?" అని అత్తమ్మ అడిగింది, ఆవిడకి అర్థమైందో లేదో గానీ నాకు అర్థమైంది.

చుక్కల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌లో ఉర్దూ రాత రాసే కాతిబ్‌లు ఉండేవారు కదా, వాళ్లు రాసే నస్తలీక్ అనే ఉర్దూ రాత తీరులో అక్షరం ఎంత పొడుగుండాలో, ఎంత వంగాలో కలంతో పెట్టిన చుక్కలతోనే కొలుస్తారు. చుక్క సరిగ్గా పెట్టడం వచ్చాకే అక్షరం. మనం చుక్కని లెక్కలోకే తీసుకోం.

ముగ్గు ఒక్కటే కాదు. బఠానీలు ఒలవనివ్వండి. చిక్కుడుకాయలకి ఈనెలు తీయమనండి. చింతపండులో గింజలు ఏరించండి. చపాతీ పిండి ముద్ద ఒకటి వాళ్లకి ఇవ్వండి, పాములు చేసుకుంటారు, ఆ పాముల్ని చుట్టి అక్షరాలు కూడా చేసుకుంటారు. ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టించండి. వామనగుంటలు ఆడితే గుప్పిట్లో ఉన్న చింతపిక్కల్లోంచి ఒక్కొక్కటే వేళ్ల కొసలకి తెచ్చి గుంటలో వదలాలి, ఇది చూడటానికి ఏమీ లేనట్టుంటుంది గానీ చాలా పెద్ద కసరత్తు. భుజానికి కూడా బలం కావాలి, చెయ్యి ఆనేది భుజం మీదే. అందుకు కాలనీ పార్కులో బార్లు పట్టుకుని వేలాడితే చాలు. పిల్లలతో చేయిస్తే పని రెట్టింపవుతుంది, అది నిజం, బఠానీలు సోఫా కింద దొరుకుతాయి.

పెన్సిల్ పట్టు

బలపం ముక్కతో మొదలుపెట్టండి. ముక్క అంటే ముక్కే, వేలి కణుపంత. నిండు బలపం ఇస్తే గుప్పిట్లో పట్టుకుంటారు, ముక్క ఇస్తే గుప్పిట పట్టడానికి చోటుండదు, వద్దన్నా వేళ్ల కొసలతోనే పట్టాలి. క్రేయాన్లు కూడా విరిచి ఇవ్వండి, మొదట పిల్లలు ఏడుస్తారు, కొత్తవి దాచిపెట్టి విరిగినవి ఇస్తే గొడవుండదు. పెన్సిల్ కూడా కొత్తదానికన్నా సగం అరిగినది మేలు. పలకలు ఇంకా దొరుకుతున్నాయి, కోఠీ వెళ్లినప్పుడు నేను రెండు తెచ్చిపెట్టా. బలపాలు కొరికి తినే పిల్లలుంటే మాత్రం తిట్టి ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి, ఐరన్ తక్కువైనా అలా తినాలనిపిస్తుంది.

పెన్సిల్‌ని ములుకుకి 2, 3 సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి. అక్కడ ఒక చిన్న రబ్బరు బ్యాండు చుట్టేస్తే వేలు ఎక్కడ పెట్టాలో చెప్పక్కర్లేదు. అయిదు వేళ్లూ పెన్సిల్ మీదికి ఎక్కించే పిల్లలకి ఒక చిట్కా ఉంది, చిన్న కాగితం ఉండ చేసి ఉంగరపు వేలు, చిటికెన వేలు మడిచి వాటి కింద దాచిపెట్టమనండి, "పడిపోకుండా రాయి చూద్దాం" అనండి. మిగతా మూడు వేళ్లు వాటంతట అవే పనిలోకి దిగుతాయి. అయితే మూడు వేళ్లతోనే పట్టాలని యుద్ధం చేయకండి. నాలుగు వేళ్లతో పట్టుకుని ఏళ్ల తరబడి చక్కగా రాసేవాళ్లున్నారు. చెయ్యి నొప్పి పుడుతోందా, అక్షరం తెలుస్తోందా, ఈ రెండూ చూసుకోండి చాలు.

మావాడిలా అదిమి రాసేవాళ్లకి "మెల్లగా రాయి" అని వందసార్లు చెప్పినా ఎక్కదు, వాళ్లకి వాళ్లు అదుముతున్నట్టే తెలియదు. నేను కార్బన్ పేపర్ తెచ్చా. రాసే కాగితం, కింద కార్బన్, దాని కింద తెల్ల కాగితం. ఆట ఏంటంటే పైన అక్షరం కనపడాలి, కింద పడకూడదు. మొదటిరోజు కింద కాగితం నల్లగా అచ్చు గుద్దినట్టు వచ్చింది, వాడే దాన్ని చూసి "అయ్యో" అన్నాడు. రోజుకి నాలుగు అక్షరాలే. నెలకి కింద కాగితం మీద నీడలా మాత్రమే పడేది. దీనికి తోడు పెన్సిల్ మార్చాం, హెచ్‌బీ బదులు 2బీ. అది మెత్తన, నల్లగా పడుతుంది, నొక్కక్కర్లేదు. దీనికి తిరగేసిన సమస్య ఉన్న పిల్లలుంటారు, రాసింది కనీ కనపడనట్టు గాల్లో రాసినట్టు రాసేవాళ్లు, వాళ్లకీ 2బీయే మంచిది.

కూర్చునే చోటు

ఇది త్వరగా చెప్పేస్తా. మంచం మీద, సోఫాలో, టీవీ ముందు కాదు. అరికాళ్లు కింద ఆనాలి. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు వేలాడతాయి, కాళ్లు ఊగితే చెయ్యి ఊగుతుంది, అందుకని ఖాళీ పెయింటు డబ్బానో పీటో కాళ్ల కింద పెట్టండి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. గొంతు దాకా ఉన్న బల్ల మీద రాస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి. నేల మీదైతే ఎత్తుపీట వేసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కూడా బాగానే ఉంటుంది. రెండో చెయ్యి కాగితాన్ని పట్టుకోవాలి, అది గడ్డం కింద పెట్టుకోవడానికి కాదు. కాగితం తిన్నగా కాకుండా కొంచెం ఏటవాలుగా ఉండాలి, కుడిచేతి వాళ్లకి కాగితం ఎడమవైపుకి వాలి ఉంటే చెయ్యి సాఫీగా పోతుంది. వెలుతురు రాయని చేతి వైపు నుంచి రావాలి, లేకపోతే తన చేతి నీడలో తనే రాసుకోవాలి.

నిలువుగా ఉన్న దాని మీద రాయడం కూడా రోజూ కాసేపు ఉండాలి. గోడకి చిన్న బోర్డు, కంటి ఎత్తులో. అలా రాస్తే మణికట్టు వెనక్కి వంగి సరైన పద్ధతిలో నిలబడుతుంది. అద్దె ఇంట్లో గోడ మీద రాయనివ్వరు కాబట్టి మేం బీరువాకి అట్ట అంటించాం.

అక్షరాలు

మన అక్షరాలు గుండ్రంగా ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. తాటాకు మీద ఘంటంతో గీసేవాళ్లు కదా, అడ్డంగా తిన్నని గీతలు లాగితే ఆకు పీచు వెంట చీరిపోతుందని వంపులు తిప్పారని చెప్తారు. ఈ కథ చెప్పాక మావాడికి తలకట్టు కూడా కాస్త వంపుగా పెట్టాలని తోచింది, అది చెడిపోయింది, పర్లేదు.

చదవడానికి అ, ఆ, ఇ, ఈ వరస బాగుంటుంది. రాసే చేతికి మాత్రం ఆ వరస పరమ కష్టం, మొట్టమొదటి అక్షరంలోనే ఎన్ని మలుపులున్నాయో 'అ'ని చూడండి. రాయించేటప్పుడు ఒకలా తిరిగే అక్షరాలని ఒకచోట పెట్టండి. ముందు సున్న, కొస కొసకి కలిసేలా, గుండ్రంగా. నెల పట్టినా పట్టనీండి. సున్నకి తలకట్టు పెడితే 'ర', లోపల చుక్క పెడితే 'ఠ'. అక్కడికే రెండు అక్షరాలొచ్చేసినట్టు, పిల్లలు పొంగిపోతారు. 'ద' వచ్చాక 'ధ', 'థ'. 'ప' తర్వాత 'ఫ', 'బ' తర్వాత 'భ', 'డ' తర్వాత 'ఢ', కింద చిన్న నిలువు గీత ఒకటి ఎక్కువ, 'భ'కి తలకట్టు కూడా. 'వ' వచ్చాక 'మ'. ఇలా వెళ్తే ప్రతి అక్షరం కొత్తదనిపించదు.

గోలంతా 'ప', 'వ' దగ్గర. 'ప'కి నోరు తెరిచి ఉంటుంది, తలకట్టు అంటకుండా పైన విడిగా ఉంటుంది. 'వ'లో అది ఒంటికి కలిసిపోతుంది. పిల్లలు తలకట్టుని చివర్లో ఎలా పడితే అలా తగిలిస్తారు కాబట్టి 'ప' రాస్తే 'వ' అవుతుంది, 'పలక' కాస్తా 'వలక' అవుతుంది. 'మ'కీ 'వు'కీ ఇదే తంటా. ఇలాంటి జంటల్ని ఒకేరోజు నేర్పకండి, ఒకటి బాగా కుదిరాకే రెండోది. కుదిరాక రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఏంటో వాళ్లనే చెప్పమనండి.

తర్వాత వత్తులు. 'రాష్ట్రం' అన్న మాట సింగిల్ రూల్ నోట్‌బుక్‌లో రాయించి చూడండి. 'ష' కింద 'ట' వత్తు, 'ర' వత్తు కలిసి కింద గీత దాటి వెళ్లి, కింది వరసలోని గుడి మీద కూర్చుంటాయి. పిల్లల తప్పేం లేదు, చోటు లేదు అక్కడ. ఒక గీత వదిలి ఒక గీత మీద రాయించండి, లేదా డబుల్ రూల్ తెప్పించండి. వత్తు పై అక్షరంలో సగం ఉండాలి, మాటకీ మాటకీ మధ్య చిటికెన వేలు పట్టాలి. ఈ రెండూ కుదిరితే అక్షరాలు గొప్పగా లేకపోయినా పేజీ శుభ్రంగా కనిపిస్తుంది.

అందం గురించి ఒక్క మాట. అన్ని అక్షరాలూ అచ్చు వేసినట్టు ఉంటేనే మంచి దస్తూరి అనుకుంటాం. బాపు గారి చేతిరాత చూడండి, కాస్త వంకరగా, కొంటెగా, ఒక దారిలో పోదు, ఆ రాత కంప్యూటర్ ఫాంటుగా మారి శుభలేఖల మీదికి ఎక్కింది. అక్షరం ఏదో తెలియాలి, ఒక తీరు ఉండాలి, మిగతాది వాళ్ల వాళ్ల చేతి గుణం.

మూడు లిపులు

హైదరాబాద్ పిల్లలకి ఇంకో బరువుంది. 2018లో తెలంగాణలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక ఏ సిలబస్ బడిలో చదివినా తెలుగు ఉంటుంది, ఇంగ్లిష్ ఎలాగూ ఉంటుంది, హిందీ కూడా తొందరగానే వస్తుంది. మూడు లిపులవీ మూడు స్వభావాలు. ఇంగ్లిష్ అక్షరం గీత మీద కూర్చుంటుంది, హిందీ అక్షరం గీతని పట్టుకుని వేలాడుతుంది, తెలుగుది మధ్యలో ఉండి పైకి గుడులు, కిందికి వత్తులు చాపుతుంది. పిల్లలకి ఈ మాటల్లోనే చెప్పండి, బొమ్మలా గుర్తుంటుంది. మూడింటి రాతపనీ ఒకే సాయంత్రం పెట్టకండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో సీ, ఏ, డీ, జీ, ఓ, క్యూ ఇవన్నీ గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగేవి, వీటిని ఒక గుంపుగా చేయించాలి. చిన్న బీ, డీ తారుమారు చేయడం, కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం 7 ఏళ్ల దాకా మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. గొలుసుకట్టు రాత విడి అక్షరాలు కుదిరాకే.

రోజుకి ఎంత

10 నిమిషాలు. పెద్ద తరగతి అయితే 15. అంతకుమించి రాయిస్తే మీరు చేయిస్తున్నది తప్పుల ప్రాక్టీసు. మేం చేసింది ఇది. రెండు వరసలు రాస్తాడు, అయ్యాక వాడికి నచ్చిన అక్షరం ఒకటి వెతికి దానికి సున్న చుట్టాలి. నేను చుట్టను, వాడే. ఎందుకు నచ్చిందో చెప్పాలి. "దీని పొట్ట గుండ్రంగా ఉందమ్మా" అంటాడు. అంతే, పుస్తకం మూసేయడమే. మొదట్లో పేజీలో అన్నిటికన్నా వంకర అక్షరానికి చుట్టేవాడు, నోరు మూసుకుని ఉండటం నాకు చాలా కష్టమైంది. మూడు వారాల్లో వాడి కన్ను మారింది, కన్ను మారాక చెయ్యి దాని వెనక వచ్చింది. ఆ పై వరస చూసి కింది వరస చెడగొట్టే జబ్బుకి మందు, ప్రతి వరస ఎడమ పక్కన మాదిరి అక్షరం మీరు రాసివ్వడం, రాసిన వరసని స్కేలుతోనో అట్టముక్కతోనో మూసేయడం. రబ్బరు వారంలో నాలుగు రోజులు దాచేశాను. తప్పు పోతే పక్కన మళ్లీ రాయి, చెరపకు అన్నా. చిల్లులు పోయాయి, వేగం కూడా పెరిగింది, ఎందుకంటే వాడు రాసేదానికన్నా చెరిపేదే ఎక్కువ ఉండేది.

కాగితం లేని రోజులు కూడా ఉండాలి. స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో రాయడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అన్నిటికన్నా హిట్టయింది డాబా మీద నీళ్లు. చిన్న బ్రష్షు, చెంబుడు నీళ్లు, సాయంత్రం వేడెక్కి ఉన్న డాబా. ఏప్రిల్‌లో 'క' రాసి తలకట్టు పెట్టేలోపు మొదటి వంపు ఆరిపోతుంది. ఎండతో పోటీ పడి ఇంతింత పెద్ద అక్షరాలు రాసేవాడు, భుజం నుంచి చెయ్యంతా తిప్పుతూ. వానాకాలంలో ఆ ఆటకి మజా లేదు.

వేసవి రాగానే స్తంభాలకి, గోడలకి 'ఇన్ని రోజుల్లో ముత్యాల్లాంటి చేతిరాత' అని బోర్డులు కడతారు. 8, 9 ఏళ్లు దాటి, అక్షరాలొచ్చి, తీరు మార్చుకోవాలనుకునే పిల్లలకి అలాంటి క్లాసులు పనికిరావచ్చు. నాలుగేళ్లవాళ్లని పంపకండి, ఆ డబ్బులతో బఠానీలు కొనండి.

ఎడమచేతి పిల్లలు

మా ఆడపడుచు కూతురు ఎడమచేత్తో రాస్తుంది. ఇంట్లో ఎంత రభస అయిందో చెప్పలేను, "సరస్వతిని ఎడమచేత్తోనా" అని. పదిమందిలో సుమారు ఒకరు ఎడమచేతి వాళ్లే, అది అలవాటు కాదు, పుట్టుకతో వచ్చే వాటం. మార్చాలని చూడకండి. వాళ్లకి కాగితం కుడివైపుకి వాలి ఉండాలి, మామూలుకన్నా ఎక్కువగా. పెన్సిల్ ఇంకో సెంటీమీటరు పైన పట్టుకోవాలి, అప్పుడే రాస్తున్నది కనపడుతుంది. ఎడమ నుంచి కుడికి రాసే లిపుల్లో వాళ్ల చెయ్యి రాసినదాని మీదే జరుగుతుంది, అరచేతి అంచు నల్లబడుతుంది, అందుకే కొందరు మణికట్టు కొక్కెంలా వంచేస్తారు. కాగితం వాలు సరిచేస్తే చాలామందికి ఆ వంపు పోతుంది. ఉర్దూ అయితే వాళ్లదే సుఖం, కుడి నుంచి ఎడమకి. బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టమని టీచర్‌కి చెప్పండి, లేకపోతే రోజంతా పక్కవాళ్లతో మోచేతుల యుద్ధమే.

ఎప్పుడు చూపించాలి

కళ్లు ముందు. నోట్‌బుక్ మీదికి ముక్కు ఆనేలా వంగుతున్నా, బోర్డు మీదివి ఎక్కించుకోవడంలోనే తప్పులు పోతున్నా చేతిరాత పుస్తకాలు కొనేముందు కంటి పరీక్ష చేయించండి. మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ ఉంది. ఏడేళ్లు దాటాక కూడా రాయమంటే ఏడుపు, చెయ్యి నొప్పి, నోటితో చక్కగా చెప్పే జవాబు కాగితం మీద రెండు ముక్కలు కూడా రాకపోవడం, బొత్తాలు పెట్టుకోవడం, కత్తెర పట్టుకోవడం కూడా కష్టమవడం, ఇవన్నీ కలిసి కనపడితే అది బద్ధకం కాదు. పిల్లల డాక్టర్‌ని అడిగి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి, అంటే ఇలాంటి చేతి పనులు, రోజువారీ పనులు అలవాటు చేయించే నిపుణులకి చూపించండి. "చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది" అనే మాట అలాంటి పిల్లల ముందు అసలు అనొద్దు.

ఇక చివరగా, పిల్లలకి రాయడానికి ఒక కారణం ఇవ్వండి. పదిసార్లు 'పలక' రాయడంలో వాళ్లకి ఏ కారణమూ కనపడదు. ఫ్రిజ్ మీద అంటించే కాగితం, నానమ్మ మందుల టైము, పుట్టినరోజుకి పిలవాల్సినవాళ్ల పేర్లు, ఇలాంటివి వాళ్లతో రాయించండి. మేం కిరాణా చీటీ మావాడితో రాయిస్తాం. మొన్న ఒకటో తరగతి సెలవుల్లో నేను చెప్తుంటే రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, నాతోపాటు మా వీధి చివర షాపుకి వచ్చాడు. షాపాయన కళ్లద్దాలు సర్దుకుని, ఉప్పు ప్యాకెట్ తీసిచ్చి, రెండో వరస గట్టిగా చదివాడు, "చింతవండు. ఎంతియ్యాలె బిడ్డా, చింతవండు?" క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను నోరు తెరవబోయేలోపు మావాడు చెయ్యి చాపి చీటీ వెనక్కి లాక్కున్నాడు, కౌంటర్ మీద తాడుకి కట్టి ఉన్న పెన్ను అందుకున్నాడు, 'వ'ని కొట్టేసి పక్కన నోరు తెరిచిన 'ప' ఒకటి రాశాడు, తలకట్టు అంటకుండా పైన విడిగా పెట్టి. "పావుకిలో" అన్నాడు.